అమ్మిన గడియలోనే రాయాలి

(జాతీయ ఫార్మసీ వారోత్సవాల సందర్భంగా శ్రీకాకుళంలో మందుల షాపుల యజమానులు, ఫార్మసిస్టులు, డి.ఫార్మసీ విద్యార్థుల ముందు ఒక సీనియర్ ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. టెక్కలి నుంచి, సోంపేట నుంచి, అటు పాలకొండ నుంచి కూడా షాపులు మూసుకుని వచ్చారు. పూట బేరం పోగొట్టుకుని వచ్చిన వాళ్ల ముందు ఉపోద్ఘాతాలు చెప్పకూడదు. నేరుగా విషయంలోకి వస్తాను.

మన వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడప్పుడు ఒక మెసేజ్ వస్తుంది. "డీఐ గారు రోడ్డు మీదున్నారట." డీఐ అంటే మన షాపులు తనిఖీ చేసే డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు. అంతే, ఇంకేమీ ఉండదు. పావుగంట తిరక్కుండా మెయిన్ రోడ్డులో షట్టర్లు ఒకదాని వెనక ఒకటి దిగిపోతాయి. లైసెన్సు సక్రమంగా ఉన్నవాడు, ఫార్మసిస్టు షాపులోనే కూర్చున్నవాడు, దొంగ సరుకు ఒక్క మాత్ర కూడా లేనివాడు, అందరూ దించేస్తారు. నేనూ దించాను. ఒకసారి కాదు, చాలాసార్లు.

అలా దించిన ఒక రోజు సంగతి చెబుతాను. నా షాపు కాశీబుగ్గలో, ఇల్లు పై అంతస్తులోనే. షట్టరు దించి, పైకెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను. మందస బస్సు దిగి ఒక పెద్దాయన వచ్చాడు. చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా. ఇన్సులిన్ సీసా మంచుముక్కల్లో పెట్టుకుని పట్టుకెళ్లడానికి తెచ్చుకునే డబ్బా అది, నాకు బాగా తెలుసు. నా షట్టరు చూశాడు. పక్క షాపు చూశాడు. ఎదుటి వరస చూశాడు. ఎక్కడా తెరిచిలేదు. నా అరుగు మీదే కూర్చున్నాడు. దాదాపు రెండు గంటలు కూర్చున్నాడు. నేను పైనే ఉన్నాను. దిగలేదు.

ఎందుకు దిగలేదంటే నా హెచ్‌వన్ రిజిస్టరు, అంటే కొన్ని మందులు అమ్మినప్పుడల్లా రాయాల్సిన పుస్తకం, మూడు వారాలుగా ఖాళీగా ఉంది. వచ్చే మనిషికి భయపడుతున్నానని అనుకున్నాను గానీ, ఆ రోజు నన్ను భయపెట్టింది నా సొరుగులో ఉన్న తెల్లకాగితాలు. ఆ పెద్దాయన ఇన్సులిన్‌కీ నా రిజిస్టరుకీ సంబంధమే లేదు. అయినా శిక్ష ఆయనకు పడింది. ఇన్నేళ్లయినా ఆ అరుగు మీద కూర్చున్న ఆకారం నా కళ్ల ముందు నుంచి పోలేదు. ఈ రోజు మీ ముందు నిలబడి మాట్లాడుతున్నానంటే దానికి కారణం ఆయనే.

కుర్రవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ హెచ్‌వన్ కథ కొంచెం చెప్పుకుందాం. మన వృత్తికి మూలచట్టం 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 1945 నాటి నిబంధనలు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా ఒకటి ఉంది, షెడ్యూల్ హెచ్. ఆ మాట దశాబ్దాలుగా స్ట్రిప్పుల మీద అచ్చవుతూనే ఉంది, మనం అమ్ముతూనే ఉన్నాం. యాంటీబయాటిక్స్ పనిచేయడం మానేస్తున్నాయని లోకమంతా గగ్గోలు మొదలయ్యాక, 2013 ఆగస్టు 30న కేంద్రం గెజిట్ ఇచ్చి షెడ్యూల్ హెచ్‌వన్ తెచ్చింది. 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి జాబితాలో 46 మందులు. సెఫిక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్, టీబీ మందులు, ఇటు అల్‌ప్రాజొలామ్, డయాజెపామ్, జోల్‌పిడెమ్, ట్రమడాల్ లాంటి నిద్ర మందులు, నొప్పి మందులు. ఎర్ర గీతల డబ్బాలో హెచ్చరిక, ఎర్ర అక్షరాల్లో ఆర్‌ఎక్స్ గుర్తు ఉంటే అది హెచ్‌వన్ అని చూడగానే తెలుస్తుంది. ఈ మందులకు విడిగా ఒక రిజిస్టరు పెట్టాలి. రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చాం. ఇవే. మూడేళ్లు దాచాలి. అడిగినప్పుడు చూపించాలి.

ఆ నిబంధనలో ఒక చిన్న మాట ఉంది. "సరఫరా చేసిన సమయంలోనే" నమోదు చేయాలి అని. మనం తప్పేది అక్కడే. రాత్రికి రాద్దాం అనుకుంటాం. రాత్రి తొమ్మిదిన్నరకు కాళ్లు పీకుతుంటే ఆదివారం రాద్దాం అనుకుంటాం. ఆదివారం ఏదో పెళ్లి. అలా మూడు వారాలు.

షట్టరు దించిన ఆ రోజు తప్పించుకున్నాను. నెల తిరక్కుండా మెసేజ్ లేకుండానే డీఐ గారు తనిఖీకి వచ్చారు. అప్పటికి నేను రెండు రాత్రులు కూర్చుని రిజిస్టరు నింపేసి ఉన్నాను. ఆయన పుస్తకం తెరిచి ఏమీ అడగలేదు. ఒక్కో పేజీ తిప్పుతున్నారు. మూడు వారాల పద్దులు ఒకే పెన్నుతో, ఒకే ఒరవడిలో, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. నిజంగా కౌంటర్ దగ్గర రాసిన పుస్తకం అలా ఉండదు. ఒకరోజు నీలం సిరా, ఒకరోజు నలుపు, ఎక్కడో టీ మరక, ఎవరో పిలిస్తే సగంలో ఆగిన అక్షరం ఉంటాయి. అది ఆయనకు తెలుసు. తర్వాత కొనుగోలు బిల్లులు అడిగారు. అల్‌ప్రాజొలామ్ ముప్పై స్ట్రిప్పులు కొన్నట్టు బిల్లు. రిజిస్టరులో అమ్మినవి ఇరవై రెండు. ర్యాకులో ఉన్నవి మూడు.

"మిగతా అయిదు ఎవరి దగ్గరున్నాయండీ?" అని అడిగారు.

గొంతు పెంచలేదు. మామూలుగా అడిగారు. నేను నోరు విప్పలేకపోయాను. షోకాజ్ నోటీసు వచ్చింది, జవాబు ఇచ్చుకున్నాను, ఏడు రోజులు లైసెన్సు సస్పెండ్ చేశారు. ఆ ఏడు రోజుల నష్టం ఎప్పుడో పూడిపోయింది. కానీ ఆ అయిదు స్ట్రిప్పులు ఎవరింటికి వెళ్లాయో నాకు ఈ రోజుకీ తెలియదు. నిద్ర పట్టని ముసలమ్మ తీసుకెళ్లిందా, పరీక్ష తప్పిన కుర్రాడు తీసుకెళ్లాడా? అమ్మింది నేను. నాకు తెలియదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తనిఖీ అంటే కాగితాల పరీక్ష అనుకోకండి. కొన్నది ఎంత, అమ్మింది ఎంత, ఉన్నది ఎంత, ఈ మూడూ కలవాలి. ఎంత అందంగా నింపిన పుస్తకమైనా ఈ లెక్క దగ్గర పట్టుబడుతుంది. రోజూ రాసుకునేవాడు ఈ లెక్కకు అరగంటలో జవాబు చెబుతాడు.

ఇప్పుడు ఉద్దానం సంగతి. ఇది మన జిల్లా గుండెకోత కాబట్టి కొంచెంసేపు దీని మీదే ఉంటాను. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఈ ఊళ్లలో కిడ్నీ జబ్బు తగలని ఇల్లు వెతుక్కోవాలి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. నీళ్లా, ఎండా, మట్టా, ఇంకేదైనానా, అసలు కారణం ఇదీ అని ఇంతవరకు ఎవరూ గట్టిగా తేల్చలేదు. కానీ ఒక విషయంలో డాక్టర్లకు సందేహం లేదు. అప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మరింత చేటు చేస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగని ఒంటికి ఇంకా చేటు. ఈ మాత్రలు అమ్మేది ఎవరు? మనమే.

మా ఊళ్లో జీడిపప్పు పనికి వెళ్లే ఆడవాళ్లు పొద్దస్తమానం కింద కూర్చుని పిక్కలు కొడతారు. సాయంత్రానికి నడుం, మోకాళ్లు పట్టేస్తాయి. ఇంటికి పోతూ పోతూ షాపు దగ్గర ఆగుతారు. "బాబూ, ఆ నొప్పి మాత్తర్లు రెండియ్యి" అంటారు. చీటీ ఉండదు. అయిదో పదో చేతిలో పెడతారు. స్ట్రిప్పు కత్తెరతో కత్తిరించి రెండు ఇస్తాం. కత్తిరించిన ముక్క మీద పేరు ఉండదు, ఏ విడతలో తయారైందో చెప్పే బ్యాచ్ నంబరు ఉండదు, ఎక్స్‌పైరీ ఉండదు. బిల్లు ఉండదు. ఆ రెండు మాత్రలు లోకంలో ఎక్కడా నమోదు కావు.

సస్పెన్షన్ తర్వాత నేను ప్రతి షెడ్యూల్ హెచ్ మందుకూ బిల్లు రాయడం మొదలుపెట్టాను. డైక్లోఫెనాక్ హెచ్‌వన్ కాదు, హెచ్. దానికి విడి రిజిస్టరు అక్కర్లేదు. కానీ చీటీ ఉండాలి, బిల్లు మీద డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు, తయారు చేసిన కంపెనీ, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, పరిమాణం ఉండాలి, ఫార్మసిస్టు సంతకం ఉండాలి. ఒకావిడ ఒక డాక్టరుగారి చీటీ తెచ్చింది, అయిదు రోజులకు పది మాత్రలు. ఇచ్చి బిల్లు రాశాను. పదిహేను రోజులకు అదే చీటీతో మళ్లీ వచ్చింది. షాపులో ఆ పూట మా తమ్ముడి కొడుకు ఉన్నాడు, ఇచ్చేశాడు. మూడోసారి వచ్చినప్పుడు నేనున్నాను. బిల్లు బుక్కు వెనక్కి తిప్పితే పేరు రెండుసార్లు కనిపించింది.

"అప్పా, ఈ చీటీ అయిపోయింది, మళ్లీ డాక్టరుగారికి చూపించుకోవాలి" అన్నాను.

"ఏటి బాబూ, మాత్తరుకి కూడా అయిపోవడం ఉంటాదా? డబ్బులియ్యనా ఏటి?" అంది. కోపం వచ్చింది ఆవిడకు. న్యాయమైన కోపమే. ఇన్నాళ్లూ అడగ్గానే ఇచ్చినవాళ్లం మనమే కదా. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి చెప్పాను. మీ ఊరు ఏది, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా, కాళ్లు వాస్తున్నాయా అని అడిగాను. వాళ్లాయన డయాలసిస్‌కి వెళ్తున్నాడట. ఆ మాట విన్నాక నాకు చేతులు ఆడలేదు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోమని చీటీ వెనక రాసి పంపించాను. చేయించుకుంది, ఎక్కువగానే ఉంది. డాక్టరుగారు ఆ మాత్ర ఆపేశారు. ఇప్పటికీ నా షాపుకే వస్తుంది.

నేను గొప్ప పని చేశానని చెప్పడానికి కాదు ఈ కథ. బిల్లు బుక్కులో ఆవిడ పేరు లేకపోతే, అది మూడోసారి అని నాకు తెలిసేదే కాదు. ఒకసారి ఇచ్చిన చీటీ మీద, డాక్టరు మళ్లీ ఇవ్వమని రాస్తే తప్ప, రెండోసారి ఇవ్వకూడదు. మందు ఇచ్చాక ఆ చీటీ మీద డాక్టరు సంతకానికి పైన మన షాపు పేరు, చిరునామా, ఇచ్చిన తేదీ వేయాలి. మనలో ఎంతమంది వేస్తున్నాం? ఒక చిన్న రబ్బరు స్టాంపు చాలు. మా తమ్ముడి కొడుకు రెండోసారి ఇచ్చిన నాడు ఆ చీటీ మీద నా స్టాంపు ఉంటే, వాడు కూడా ఆగేవాడు.

చీటీ అన్నాను కాబట్టి ఇంకొక మాట. నిబంధనల్లో "రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్" అని ఉంటుంది. దాన్ని కుదించి ఆర్‌ఎంపీ అంటాం. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే ఎవరు? ఊళ్లో సంచి పట్టుకుని తిరిగే గ్రామీణ వైద్యుడు. చట్టం చెప్పే ఆర్‌ఎంపీ వేరు, మెడికల్ కౌన్సిల్లో పేరు నమోదైన డాక్టరు. అక్షరాలు మూడూ ఒకటే కావడం వల్ల కొత్తగా షాపు పెట్టిన కుర్రాళ్లు నిజంగానే పొరబడుతున్నారు. నన్ను ఒకబ్బాయి అడిగాడు, "అంకుల్, ఆర్‌ఎంపీ రాసిన చీటీకి ఇవ్వొచ్చని రూల్లోనే ఉంది కదా" అని. లేదు నాన్నా, ఆ ఆర్‌ఎంపీ కాదు.

ఆ గ్రామీణ వైద్యుల్ని తిట్టడం నాకిష్టం లేదు. సీతంపేట కొండల్లో అర్ధరాత్రి జ్వరం వస్తే ముందు తలుపు తట్టేది వాళ్లనే. కానీ వాళ్లు తెల్లకాగితం మీద సెఫిక్సిమ్, డెక్సామెథసోన్ రాసి పంపిస్తే మనం ఇవ్వకూడదు. ఇచ్చి, రిజిస్టరులో ఎవరో ఊళ్లో డాక్టరుగారి పేరు రాస్తే అది అంతకంటే పెద్ద తప్పు. ఆ డాక్టరు ఆ రోగిని చూడనే లేదు. రేపు ఆ రోగికి ఏమైనా జరిగితే ఆయన పేరు మన చేతిరాతలో ఉంటుంది. ఒక మనిషి పేరు ఆయనకు తెలియకుండా వాడుకోవడం అది. ఇది చాలా షాపుల్లో జరుగుతోంది. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో కూడా కొందరికి ఇప్పుడు ఇబ్బందిగా ఉందని నాకు తెలుసు.

ఇచ్ఛాపురం వాళ్లు ఇందాక బయట నన్ను అడిగారు, బరంపురం డాక్టర్ల చీటీలు వస్తుంటాయి, ఒడిశా వాళ్లవి చెల్లుతాయా అని. నమోదైన డాక్టరు రాసి, సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, మోతాదు, మొత్తం ఎంతో ఉంటే చెల్లుతాయి. రాష్ట్రం సరిహద్దు దాటితే డాక్టరు డాక్టరు కాకుండా పోడు. చీటీ మీద ఉన్న డాక్టరు చిరునామా ఉన్నదున్నట్టు రిజిస్టరులోకి ఎక్కించండి.

బ్యాచ్ నంబరు సంగతికి వస్తాను. దీన్ని మనవాళ్లు ఉత్త చాదస్తం అనుకుంటారు. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందును తాగడానికి వీలుగా తియ్యటి ద్రవంగా చేశారు. కరిగించడానికి వాడింది డైఇథిలిన్ గ్లైకాల్. అది కిడ్నీల్ని చంపే విషం. వందమందికి పైగా చనిపోయారు, అందులో దాదాపు మూడో వంతు పిల్లలు. ప్రభుత్వం తన ఇన్‌స్పెక్టర్లలో దాదాపు అందర్నీ రోడ్ల మీదికి పంపింది. వాళ్లు ఊరూరా మందుల షాపుల్లో చీటీలు, అమ్మకపు పుస్తకాలు వెతుక్కుంటూ ఒక్కో సీసా వెనక పరుగెత్తారు. పుస్తకంలో పేరున్న చోట ఆ ఇంటికి వెళ్లి సీసా లాక్కొచ్చారు. పేరు రాయని షాపుల దగ్గర ఎవర్ని వెతకాలో తెలియక అల్లాడారు. ఊరు మారి కొండల్లోకి వెళ్లిపోయిన ఒక కుటుంబంలోని మూడేళ్ల పిల్లవాడి కోసం వెతకడానికి ఒక డాక్టరు తన పెళ్లినే వాయిదా వేసుకున్నాడు.

ఎనభై ఎనిమిదేళ్ల తర్వాత, 2025లో మన దేశంలో, మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో దగ్గు సిరప్ తాగిన చిన్నపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. విషం అదే, డైఇథిలిన్ గ్లైకాల్. అక్టోబరులో ఆ బ్యాచ్ అమ్మకం ఆపమని, ఉన్న సరుకు వెనక్కి ఇమ్మని రాష్ట్రాలన్నిటికీ హెచ్చరికలు వెళ్లాయి. అలాంటి మెసేజ్ రేపు మన ఫోనుకే వస్తే, ర్యాకులో ఉన్నది పక్కన పెట్టగలం. అమ్మేసినవి? బిల్లు మీద బ్యాచ్ నంబరు, తల్లి పేరు, ఊరి పేరు ఉంటే ఫోను చేయగలం, ఆటో ఎక్కి వెళ్లగలం. లేకపోతే షాపులో కూర్చుని, ఎవరింట్లో సీసా ఉందో తెలియక నలిగిపోవాలి. నాకు అయిదు స్ట్రిప్పుల అనుభవం ఉంది. సీసా అనుభవం ఎవరికీ రాకూడదు.

ఇక ఇన్‌స్పెక్టర్ల గురించి. మీలో చాలామంది దీని కోసమే వచ్చారని తెలుసు.

నిబంధనల ప్రకారం తన పరిధిలోని ప్రతి అమ్మకపు షాపును ఏడాదికి ఒక్కసారైనా తనిఖీ చేయడం వాళ్ల విధి. మన మీద పగతో రారు. వచ్చినప్పుడు కూర్చోబెట్టండి, గుర్తింపు కార్డు చూపించమని మర్యాదగా అడగండి, అడిగితే తప్పు కాదు. తనిఖీ పుస్తకం, అదే ఫారం 35, మనమే పెట్టి ఉంచాలి. వాళ్లు చూసిన లోపాలు అందులో రాయాలి. రాసింది అక్కడికక్కడే చదవండి. రికార్డులు చూపించకపోవడం, అడ్డుపడటం, గొడవ చేయడం నేరం. అనుమానం ఉన్న సరుకును అమ్మవద్దని ఆదేశం ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఇవ్వాలి, అదీ 20 రోజులకు మించకుండా. సరుకు స్వాధీనం చేసుకుంటే ఫారం 16లో రసీదు ఇవ్వాలి.

శాంపిల్ సంగతి మరీ జాగ్రత్తగా వినండి, ఎందుకంటే దీని వల్ల ఒక మనిషి చితికిపోవడం నేను చూశాను. పరీక్షకు మందు తీసుకుంటే దాని ధర ఇవ్వజూపాలి. ఫారం 17లో మనకు కాగితం ఇవ్వాలి. మన ఎదుటే నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి, ఒక భాగం మనకివ్వాలి. ల్యాబ్ రిపోర్టు మన చేతికి వచ్చిన తర్వాత, దాన్ని ఒప్పుకోకపోతే 28 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే ఆ రిపోర్టే తుది సాక్ష్యం. కుర్రతనంలో నేను పనిచేసిన ఒక షాపులో శాంపిల్ తీసుకున్నప్పుడు ఏ కాగితమూ ఇవ్వలేదు. మా ఓనరు భయపడి అడగలేదు. తర్వాత నెలలకు రిపోర్టు వచ్చింది, నాసిరకం అని. ఆయన దాన్ని బీరువాలో పెట్టి దేవుడికి దండం పెట్టుకున్నాడు. 28 రోజులు గడిచిపోయాయి. తర్వాత కోర్టు చుట్టూ తిరిగిన ఏళ్లు లెక్కపెట్టలేను. మంచి మనిషి. ఆయన చేసిన తప్పు మౌనంగా ఉండటం.

ఆయనకు అక్కరకొచ్చే సెక్షన్ ఒకటి ఉంది, అది చెప్పేవాళ్లు అప్పుడు లేరు. మన మూలచట్టంలోని సెక్షన్ 19. లైసెన్సు ఉన్న హోల్‌సేల్ దగ్గర బిల్లుతో కొన్నాను, ఆ లోపం నాకు తెలియదు, తగిన జాగ్రత్త తీసుకున్నా తెలిసే వీలు లేదు, కొన్న స్థితిలోనే సరిగ్గా నిల్వ చేశాను అని రుజువు చేసుకోగలిగితే చిల్లర వ్యాపారికి రక్షణ ఉంది. రుజువు అంటే ఏమిటి? కొనుగోలు బిల్లు. బిల్లు లేకుండా రూపాయి తక్కువకు వస్తుందని సరుకు దించుకునేవాళ్లు ఆ రూపాయికి ఈ రక్షణను అమ్ముకుంటున్నారు. కొనుగోలు బిల్లులకు వరస నంబర్లు వేసి, తేదీల ప్రకారం ఫైలు చేయండి. ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత రోజూ రాసుకోండి.

సస్పెన్షన్ గానీ లైసెన్సు రద్దు గానీ చేసేముందు మన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆదేశం నచ్చకపోతే మూడు నెలల్లోగా రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు. ఎవరైనా చెయ్యి చాపితే ఏసీబీ నంబరు 1064. దాని గురించి ఇంతకంటే చెప్పను. పుస్తకం సరిగా ఉన్నవాడికి అవతలివాడు చెయ్యి చాపడానికి సందు చిన్నదైపోతుంది. ఖాళీ రిజిస్టరుతో ఉన్నవాడే జేబులోకి చెయ్యి పెట్టుకుంటాడు.

2025 మార్చిలో ఆపరేషన్ గరుడ పేరుతో రాష్ట్రమంతా ఒకేరోజు మందుల షాపుల్లో తనిఖీలు జరిగాయి. మత్తు మందుల కోసం పోలీసుల ఈగల్ బృందాలు, విజిలెన్స్, ఔషధ నియంత్రణ శాఖ కలిసి వచ్చాయి. ట్రమడాల్ 2018 నుంచి మాదకద్రవ్యాల చట్టం కిందికి కూడా వచ్చిందని మర్చిపోకండి. ఇప్పుడు దాని లెక్క తప్పితే మాట్లాడాల్సింది డీఐ గారితో మాత్రమే కాదు. టీబీ మందులకూ ఇంకో బాధ్యత ఉంది. 2018 మార్చి గెజిట్ ప్రకారం టీబీ మందులు ఇచ్చిన ప్రతి రోగి వివరాలు ప్రభుత్వానికి తెలియజేయాలి. రోగి మధ్యలో మందు మానేస్తే ఇల్లు వెతుక్కుంటూ వెళ్లడానికి ఆరోగ్య శాఖ వాళ్లకు దారి చూపించేది అదే.

సర్టిఫికెట్ అద్దెకిచ్చే వాళ్ల గురించి ఒక్క నిమిషం. విద్యార్థులు ఇక్కడున్నారు కాబట్టి చెప్పకుండా పోలేను. పేరు విజయనగరంలో షాపు గోడ మీద, మనిషి హైదరాబాద్‌లో వేరే ఉద్యోగంలో. నెలకు ఇంత అని బ్యాంకులో పడుతుంది. ఆ గోడ మీద ఫ్రేములో ఉన్నది మీ పేరు. అక్కడ జరిగే ప్రతి అమ్మకానికి కింద వేయాల్సిన సంతకం మీది. ఆ షాపులో ఎవరో కుర్రాడు మోతాదు తప్పిస్తే అది మీరు చేసినట్టే. చీటీ మీద మందు ఇచ్చేది ఫార్మసిస్టు స్వయంగా చూస్తుండగానే జరగాలి. 1948 ఫార్మసీ చట్టం మనకు ఇచ్చిన గౌరవం అది. దాన్ని నెల అద్దెకు ఇవ్వకండి.

తిత్లీ తుఫానప్పుడు, 2018 అక్టోబరు 11న, మా షాపు రేకులు లేచిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. బిల్లుల ఫైళ్లు తడిసి ముద్దయిపోయాయి. నీళ్లు తీసేశాక మొదట చేసిన పని, తడిసిన పుస్తకాల ఫోటోలు తీసి, ఏయే నెలల రికార్డులు పోయాయో రాసి అధికారులకు ఉత్తరం ఇవ్వడం. హోల్‌సేల్ వాళ్ల దగ్గరి నుంచి బిల్లుల నకళ్లు తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఆ నెలల గురించి నన్ను ఎవరూ ఇబ్బంది పెట్టలేదు. ఆ కరెంటు లేని రోజుల్లో కొవ్వొత్తి వెలుగులో రాసిన హెచ్‌వన్ పేజీలు చాలాకాలం దాచుకున్నాను. అక్షరాలు వంకర, మైనం మరకలు. కానీ కొన్నది, అమ్మింది, ఉన్నది, మూడూ కలిశాయి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలో నుంచి ఒక యువ ఫార్మసిస్టు: రాత్రి పదకొండు గంటలకు జ్వరంతో ఉన్న పిల్లను ఎత్తుకుని తల్లి వస్తుంది సార్. చీటీ ఉండదు. యాంటీబయాటిక్ సిరప్ ఇమ్మని ఏడుస్తుంది. ఇవ్వకపోతే మనసు ఒప్పదు, ఇస్తే తప్పు. ఏం చెయ్యాలి?)

మంచి ప్రశ్న, తమ్ముడూ. నాకు అలాంటి రాత్రులు చాలా ఉన్నాయి. పోయిన వానాకాలం ఒకామె వచ్చింది, వజ్రపుకొత్తూరు వైపు నుంచి. పాపకు రెండేళ్లు. పిల్ల ఒళ్లు కాలిపోతోంది. పాత యాంటీబయాటిక్ సీసా చూపించి "ఇదే ఇయ్యండి, పోయినసారి దీనికే తగ్గింది" అంది. ఆ జ్వరం దేనివల్లో నాకు తెలియదు, ఆమెకు తెలియదు. మలేరియా కావచ్చు, డెంగీ కావచ్చు, మామూలు వైరల్ కావచ్చు. నేను యాంటీబయాటిక్ ఇవ్వలేదు. పారాసిటమాల్ సిరప్ ఇచ్చి, పాప బరువు అడిగి మోతాదు లెక్కకట్టి, అక్కడే మొదటి డోసు వేయించాను. తడిగుడ్డతో తుడవమని చెప్పాను. పాప మందకొడిగా ఉందా, ఫిట్స్ వచ్చాయా, నీళ్లు తాగుతోందా, మూత్రం పోస్తోందా అడిగాను. మూత్రం సాయంత్రం నుంచి లేదంది. అప్పుడు 108కి నేనే ఫోను చేశాను. బండి వచ్చేదాకా షాపు తెరిచే ఉంచాను. వెళ్లాక బిల్లు బుక్కులో పారాసిటమాల్ సిరప్ ఒకటి, బ్యాచ్ నంబరు, పాప పేరు, తల్లి పేరు, ఊరి పేరు, టైము పదకొండూ ఇరవై అని రాసి సంతకం పెట్టాను. మర్నాడు పొద్దున్న ఆ పేజీ చూసి ఆసుపత్రికి ఫోను చేసి పాప ఎలా ఉందో కనుక్కున్నాను.